సంతకం చెల్లని ఫైళ్లు

ఆ వీధిలో ఫోన్లు బాగుచేసే ఆయనకు కొత్తదంటే గిట్టదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదే ఫోనును పాడుచేయడానికని ఆయన సిద్ధాంతం. అందుకే పదేళ్లుగా పాత వెర్షన్ల ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులో దాచి, ఒక్కోదానికీ తేదీ వేసి, కన్నబిడ్డల్లా చూసుకుంటున్నాడు. కన్నబిడ్డల పుట్టినరోజులు మాత్రం భార్య గుర్తుచేయాలి.

ఆ ఉదయం దర్జీ ఆవిడ తన ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. అప్‌డేట్ సగంలో ఉండగా చార్జింగ్ అయిపోయిందట. ఇప్పుడు కంపెనీ గుర్తు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మూడు వందల మంది కొలతలు అందులోనే ఉన్నాయి, మరెక్కడా రాసుకోలేదు.

"అవి పోతే నేను కొట్టు మూసుకోవాల్సిందే తమ్ముడూ," అంది.

"మన దగ్గర పాత ఫైలుంది అక్కా. దిగులు పడకు."

పాత ఫైలు ఎక్కించబోయాడు. సంతకం చెల్లదంది కంప్యూటర్. కేబుల్ మార్చాడు. చెల్లదంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. చెల్లదంది. కేబుల్‌ను తిట్టాడు, కరెంటును తిట్టాడు, ఇంటర్నెట్ వాళ్లను తిట్టాడు. తిట్టనిది ఆ ఫైలునొక్కదాన్నే.

అదే గదిలో జిరాక్స్ మిషను పెట్టుకున్న బావమరిది, ఆ సంతకం ఎవరిదని అడిగాడు. ఫైలు ఎక్కించే ప్రతిసారీ కంపెనీ సరేనని సంతకం పెట్టాలనీ, వెర్షన్ పాతబడితే పెట్టడం మానేస్తుందనీ ఆయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"అంటే నీ డిస్కులో ఉన్నవేవీ పనికిరావన్నమాట బావా."

ఆయన హార్డ్ డిస్కు తీగ పీకి పక్కన పెట్టాడు. తర్వాత చేదు మందు మింగినవాడి మొహంతో కొత్త ఫైలు దించాడు. తెర మీద రెండు మీటలు వచ్చాయి: రీస్టోర్, అప్‌డేట్. అలవాటు కొద్దీ బాణాన్ని మొదటిదాని మీదికి తీసుకెళ్లాడు. దర్జీ ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

"అది నొక్కితే ఏమవుతుందో ముందు చెప్పి నొక్కు."

ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ మాట పైకి అనాల్సి వచ్చేసరికి ఆయనకే వినసొంపుగా లేదు. రెండోది నొక్కాడు.

నలభై నిమిషాలకు ఫోను తెరుచుకుంది. కొలతలన్నీ ఉన్నాయి. ఇలాంటి కేసుల్లో ఎంత అనుభవం కావాలో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ వినలేదు. బావమరిది దగ్గర తెల్లకాగితాలు అడిగి తీసుకుని, ఫోన్లు బాగుచేసే ఆయన స్టూలు మీదే కూర్చుని, మొదటి పేరు రాసి, మెడ, భుజం, చేతి పొడవు దింపుకోసాగింది.

లేవమనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ రోజు ఆయన నిలబడే పనిచేశాడు.