మూడు టిష్యూ ప్యాకెట్లు, ఒక స్టూలు

మా పక్క స్టాల్లో జపాన్ నూడుల్స్ అమ్ముతారు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఎండుచేపలూ సముద్రపు నాచూ వేసి కాచే రసం అక్కడ మరగడం మొదలవుతుంది. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని ఈ ఫుడ్ కోర్టులో ఆ వాసనకూ మా సాంబారు వాసనకూ రోజూ కుస్తీ. రోజూ సాంబారే గెలుస్తుంది; వండేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే. గాలి అటునుంచి వీచిన రోజు మాత్రం గరిటె పట్టుకుని రెండు నిమిషాలు అలా నిలబడిపోతాను. బయట చెమటలు కారే ఎండ, నా ముక్కులో మంచు. ఆ మంచులో ఒక బుల్లి హోటలు, దాని గుమ్మంలో సత్యవతి ఆంటీ.

ఆంటీ మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఈ స్టాలు ఆవిడది. కాకినాడ నుంచి పెళ్ళి చేసుకుని సింగపూర్ వచ్చి, భర్త పోయాక కూతుర్ని ఈ పెనం మీదే పెంచింది. మనిషి నా భుజం దాకా వస్తుంది, గొంతు మాత్రం పదో అంతస్తు దాకా వెళుతుంది. నేను పని అడగడానికి వచ్చిన రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఎంతవరకు చదివావ్?" అంది.

"ఎనిమిది పాసండి. తొమ్మిదిలో నాకూ లెక్కల మాస్టారికీ పడలేదండి. ఆయనది పర్మనెంటు ఉద్యోగం కదా, నేనే తప్పుకున్నాను."

ఆవిడ నవ్వలేదు. "కళ్ళు మూసుకో" అంది. మూసుకున్నాను. పెనం మీద అట్టు పోసిన చప్పుడు వినిపించింది. "ఎప్పుడు తియ్యాలో చెప్పు" అంది. చుయ్యిమన్న చప్పుడు సన్నబడి, సన్నబడి, గుసగుసలా మారగానే "ఇప్పుడండి" అన్నాను. కళ్ళు తెరిచేసరికి అట్టు బంగారంలా ఉంది. "నీకు ముందు బాగా చదువుకున్నోళ్ళు ఇద్దరొచ్చార్రా. ఇద్దరూ మాడ్చారు. రేపట్నుంచి వచ్చెయ్" అంది. అప్పటిదాకా ఏ పరీక్షలోనూ ఎవరూ నన్ను పాస్ చేసి అంత సంతోషపడలేదు.

పని అంతా ఆవిడే నేర్పింది. పిండి పులుపు వేలితో కాదు, ముక్కుతో చూడమంది. తినేవాడి ముఖం చూడకుండా రెండో అట్టు వెయ్యొద్దంది. నేను వచ్చినవాళ్ళందరినీ అనుకరిస్తూ వేషాలు వేస్తుంటే, "నీ నోరు, నీ చేతులు ఒక్క క్షణం ఊరుకోవురా" అని తిడుతూనే అటు తిరిగి నవ్వుకునేది. ఒక్క విషయంలో మాత్రం నాకు ఆవిడ మీద కోపం. అందరూ తిన్నాక, మధ్యాహ్నం నాలుగింటికి, సింకు పక్కన నిలబడి చల్లారిన అన్నం తినేది. రెండు ముద్దలు తినేలోపు ఎవరో పిలిచేవారు. తిరిగొచ్చి మళ్ళీ రెండు ముద్దలు. ఒకరోజు నేను ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, "కూర్చోండాంటీ" అన్నాను. మర్నాడు చూస్తే ఆ కుర్చీలో ఉల్లిపాయల బస్తా దర్జాగా కూర్చుని ఉంది. "దానికి మోకాళ్ళ నొప్పులాండీ?" అన్నాను. గరిటెతో ఒకటిచ్చింది.

ఆవిడ కూతురు స్వాతి బ్యాంకులో ఉద్యోగంలో చేరాక, అమ్మకు మంచు చూపిస్తానని జపాన్‌లో ఒక స్కీయింగ్ ఊరికి ప్రయాణం పెట్టింది. ఆంటీ మోకాలు బాగాలేదు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నన్నూ రమ్మంది. మొదటి రోజు నేనూ స్కీలు కట్టుకున్నాను. కొండ దిగేటప్పుడు అవి ఒక దారిన వెళ్ళాయి, నేను ఒక దారిన వెళ్ళాను. తర్వాత మేము మళ్ళీ కలుసుకోలేదు.

ఆంటీకి కొండ మీద ఆసక్తి లేదు. ఆ ఊరి సందులో ఏడంటే ఏడు స్టూళ్ళున్న చిన్న హోటలు కనిపించింది. ఒక్క ముసలి వంటాయనే వండుతున్నాడు. అద్దంలోంచి ఆంటీ చాలాసేపు చూసింది. ఆయన ఒక్కొక్కరి ముందూ పొగలు కక్కే గిన్నెను రెండు చేతులతో పెడుతున్నాడు.

"చూడరా రాజూ, మనం ఊరికే కూర్చుంటే చాలు, ఆయనే తెచ్చి ముందు పెడతన్నాడు. పెళ్ళయ్యాక నాకెవరూ ఇలా పెట్టలేదురా" అంది.

నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు. ఈవిడను ఆ స్టూలు మీద కూర్చోబెట్టి వేడివేడిగా తినిపించందే విమానం ఎక్కకూడదని పంతం పట్టాను. ఆ రోజు ఖాళీ లేదు. రెండో రోజూ లేదు. మంచులో వరసలో నిలబడడం ఆవిడ మోకాలి వల్ల కాదు. మూడోది ఆఖరి రోజు.

ఆ మధ్యాహ్నం హోటలు తలుపు తీసేసరికి వరసలో మొదట నేనే ఉన్నాను. ఆంటీ, స్వాతి వెనక జారుడు మంచు మీద చీమల్లా వస్తున్నారు. నేనేం చేశానంటే, సింగపూర్‌లో ఎవరైనా చేసేదే చేశాను. మూడు స్టూళ్ళ మీద మూడు టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఆంటీని తీసుకురావడానికి పరిగెత్తాను. మా ఊళ్ళో టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీని మంత్రి కూడా ముట్టుకోడు. వీధి చివరిదాకా వెళ్ళానో లేదో, వెనక ఒకటే కేకలు. కోటు కూడా లేకుండా, ఏప్రన్‌తో, మంచులో పరిగెత్తుకుంటూ ఆ ముసలాయన! నా ముందు ఆగి, వంగి, నేను పోగొట్టుకున్న మూడు ప్యాకెట్లనూ రెండు చేతులతో అందించాడు.

స్వాతి పొట్ట పట్టుకుని నవ్వింది. సింగపూర్ పిల్ల, మాట చివర 'లా' తగిలించందే ఊరుకోదు. "రాజు అన్నా, ఇక్కడ ఇలా సీటు చోప్ చేస్తే ఎవరికి తెలుస్తుంది లా! పారేసుకున్నావనుకున్నాడు!"

మేము చేరేసరికి ఏడు స్టూళ్ళూ నిండిపోయాయి. ముసలాయన బాధగా చేతులు రెండూ ఇంటూ గుర్తులా అడ్డంగా పెట్టి చూపించాడు. లేదు.

"పోనీలేరా, రూముకెళ్దాం. పులిహోర ఉందిగా, నిలబడి రెండు ముద్దలు తినేస్తాను" అని ఆంటీ వెనక్కి తిరిగింది.

ఆ 'నిలబడి' అన్న మాట నన్ను గుచ్చింది. నాకు జపనీస్ రాదు, ఇంగ్లీషుకూ నాకూ అంతంతమాత్రమే. వచ్చినవి వేషాలే. ఆ గుమ్మంలోనే మొదలుపెట్టాను. ఆంటీలా పిండి రుబ్బాను, అట్టు పోశాను, చెమట తుడుచుకున్నాను, నలుగురికీ వడ్డించాను. చివర్న గోడ పక్కన నిలబడి కంచం ఎత్తి రెండు ముద్దలు తిన్నాను. ఎవరో పిలిచినట్టు పరిగెత్తాను. మళ్ళీ వచ్చి రెండు ముద్దలు తిన్నాను. తినేవాళ్ళు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. కత్తి కింద పెట్టాడు. నేను ఆంటీ స్వెట్టర్ చెయ్యి పైకి లాగి, పెనం అంచు ముద్దు పెట్టిన మచ్చలు చూపించాను.

"ఒరేయ్, ఏంట్రా ఈ అప్రాచ్యప్పని!" అంటోంది ఆంటీ.

ఆయన తన చొక్కా చెయ్యి మడిచాడు. అవే గీతలు, అదే చోట. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఆయన లోపలికి వెళ్ళి, గిన్నెలు బోర్లించి ఉన్న ఒక స్టూలు తెచ్చాడు. గిన్నెలు తీసి, దులిపి, ఒక మూల వేసి, ఆంటీకి వంగి చూపించాడు. ఆయనా ఎప్పుడూ దాని మీద కూర్చుని ఉండడు. ఉల్లిపాయల బస్తాలు అన్ని దేశాల్లోనూ ఉంటాయి.

ఆంటీ కూర్చుంది. నేనూ స్వాతీ వెనక నిలబడ్డాం. గిన్నె వచ్చింది. ఆవిడ అలవాటుగా వెనక్కి తిరిగి, "ముందు మీరు తినండి" అంది.

"అమ్మా, తిను లా!" అంది స్వాతి.

కళ్ళద్దాల నిండా ఆవిరి. మొదటి గుక్క తాగి, అద్దాలు తుడుచుకోకుండానే, "రాజూ, వేడిగా ఉందిరా" అంది. అంతే అంది. అడుగు కనిపించేదాకా తిని, గిన్నె కడగడానికి సింకు ఎక్కడుందా అని లేవబోయింది. ముసలాయన మళ్ళీ చేతులు రెండూ అడ్డంగా పెట్టాడు. ఈసారి హోటలంతా నవ్వింది, అందరికంటే గట్టిగా ఆంటీ. నేను మంచులోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తి గంతేశాను, జారి పడ్డాను, పడుకునే నవ్వాను.

సింగపూర్ వచ్చిన మర్నాడు కుర్చీలోంచి ఉల్లిపాయలు దిగాయి. షట్టరు తీసేముందు వంటగదిలో ఉన్న ప్రతి మనిషీ కూర్చుని వేడిగా తినాలన్నది ఆవిడ పెట్టిన కొత్త రూలు. ఇప్పుడు ఆంటీ ఊరికి ఆ చివర హౌగాంగ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. వంటగది నా చేతికిచ్చింది. ఆ ముసలాయన తిరిగిచ్చిన ప్యాకెట్లలో ఒకటి మసాలా డబ్బాల పక్కన అలాగే ఉంది, విప్పలేదు. పదకొండు కావస్తుంటే బయట ఎవరో ఒకరు, "అన్నా, ఇంకా తియ్యలేదా?" అని షట్టరు కొడతారు.

"అయిదు నిమిషాలు ఆగు. వండినవాళ్ళు తింటున్నారు" అంటాను.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. హలో ఉండదు, ఎలా ఉన్నావని ఉండదు.

"కూర్చున్నావా?"

"కూర్చున్నానాంటీ."

"వేడిగా ఉందా?"

"నోరు కాలుతోందండి."

"కాలనీ. కాసేపైనా ఊరుకుంటుంది" అని పెట్టేస్తుంది.