ఎవరి పేరుకు వాళ్ళే పలకాలి

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఎండాకాలంలో నేను ఫోన్ మోగితే వణికిపోయే మనిషినై బ్రతికాను. చేతిలో పాప పాలగ్లాసు ఉండగా ఫోన్ మోగితే పాలు ఒలికిపోయేవి, అన్నం నోట్లో ఉంటే మింగుడుపడేది కాదు. అటువంటి నన్ను దేవుడు ఎలా విడిపించాడో మన సంఘ పత్రికలో రాయమని పాస్టరమ్మగారు చాలాసార్లు అడిగారు. పాప ఇప్పుడే నిద్రపోయింది, అందుకని కూర్చున్నాను. నేను చదివింది తమిళంలోనూ ఇంగ్లీషులోనూ, తెలుగు ఇంట్లో మాట్లాడడమే గాని అక్షరాలు నేర్చుకున్నది పీలమేడులోని మన సహవాసంలోనే. తప్పులుంటే మన్నించండి.

మా ఆయన పేరు రంగరాజు. కారమడై రంగనాథుని తలచుకొని మా అత్తమ్మ పెట్టిన పేరు అది. బాప్తిస్మం తీసుకున్న రోజు పేరు మార్చుకుంటావా అని పాస్టర్‌గారు అడిగితే, "అమ్మ పెట్టిండాది అయ్యగారూ, అట్లే ఉండనీయండి" అన్నారు, పాస్టర్‌గారు నవ్వి ఊరుకున్నారు. ఆయనది బావులకు వెడి, అంటే పేలుడు మందు, పెట్టే పని. మా పక్క నేలలో కొంత లోతు తవ్వగానే బండ తగులుతుంది, ఆ బండకు తూట్లు వేసి, మందు నింపి పేల్చితే తప్ప రైతు నీళ్ళ ముఖం చూడలేడు. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉంది, ఊరికి దూరంగా మందు గోదాము ఉంది, పోలీసులు వచ్చి చూసి పోతుంటారు, ఏదీ చాటుమాటు కాదు. కాని మందు చేసే కంపెనీ చేతి డబ్బు తీసుకోదు, బ్యాంకు ద్వారానే కట్టాలి. బ్యాంకు ఖాతా లేకపోతే మందు లేదు, మందు లేకపోతే పని లేదు, పని లేకపోతే మా ఇల్లే కాదు, ఆయనతో బావిలో దిగే మనుషుల ఇళ్ళూ పస్తే!

అటువంటి ఖాతాను నెలాఖరుకు మూసేస్తామని బ్యాంకువాళ్ళు ఫోన్ చేసి చెప్పారు!

మరునాడే ఇద్దరం పాపను ఎత్తుకొని వెళ్ళాం. మేనేజరమ్మ కోపంగా మాట్లాడలేదు. "మీ వ్యాపారం తప్పని ఎవరూ అనలేదమ్మా. రూలు కూడా ఏదీ రాలేదు. కాని పైనుంచి అడుగుతున్నారు. పేలుడు సామాను, ఆన్‌లైన్ ఆటలు, పాత బంగారం, ఇలాంటి ఖాతాలన్నీ మీ దగ్గర ఎందుకున్నాయని ప్రభుత్వంవాళ్ళు మా పెద్ద ఆఫీసును అడుగుతున్నారు, వాళ్ళు నన్ను అడుగుతున్నారు" అని తమిళంలో చెప్పింది. మా ఆయన తన పని ఎంత మంచిదో చెబితే చాలు, ఆమె మనసు మారుతుందని అనుకున్నారు పాపం! ఛాతీ విరుచుకొని, "మేడం, మా మందు కల్తీలేని మందు. సరిగ్గా పెట్టినామంటే కొండ కూడా లేచిపోతుంది!" అన్నారు. ఆమె ముఖం పాలిపోయింది. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను గాని అప్పటికే ఆలస్యమైపోయింది.

వేరే బ్యాంకులకు తిరిగాం. మా పని పేరు చెప్పగానే లోపలికి వెళ్ళి వచ్చి, కుదరదండీ అనేవారు. మదురైలో కిరాణా కొట్టు నడిపే మా అన్న ఫోన్ చేసి, "ఏం బావా, దీనికి ఇంత దిగులేల? నా కొట్టు ఖాతాలో వేసి నడిపించుకోండి. పప్పు అమ్మినా వెడి అమ్మినా బ్యాంకుకు తెలిసేదేముంది?" అన్నాడు. నాకైతే ఆ మాట ప్రాణం లేచివచ్చినట్టు వినిపించింది, కాని మా ఆయన, "వేండాం మచ్చాన్, వద్దు. బావికాడ ఒకరి పేరుకు ఇంకొకరు పలికేదానికి లేదు. బ్యాంకులోనూ అంతే" అని పెట్టేశారు. నాకు ఎంత కోపం వచ్చిందో! "పాప ముఖం చూసైనా సరే అనకూడదా" అని ఏడ్చాను. అత్తమ్మ నా తల నిమిరి, "ఏడవొద్దు అమ్మణీ. నీ సామితో నువ్వు చెప్పు, నా సామితో నేను చెప్పుతాను, ఎవరికి ముందు చెవిన పడుతుందో చూద్దాం" అని నన్ను నవ్వించాలని చూసింది.

నేను ప్రార్థించాను సహోదరులారా, కాని ఎలాంటి ప్రార్థన! "ప్రభువా, ఆ మేనేజరమ్మను ఈ ఊరినుంచి మార్చేయి. నెలాఖరు లోపలే మార్చేయి" అని ప్రతిరోజూ అదే మాట. ప్రార్థించిన కొద్దీ నా వణుకు ఎక్కువైందే గాని తగ్గలేదు. మా ఆయనకు ఏమవుతుందో, పనివాళ్ళకు ఏమవుతుందో, పాపకు ఏమవుతుందో, అందరి బదులు నేనొక్కదాన్నే మెలకువగా ఉండి కాపలా కాయాలన్నట్టు ఉండేది.

తరువాత ఒకరోజు ఏవో కాగితాలు అడిగారని నేను ఒంటరిగా బ్యాంకుకు వెళ్ళాను. భోజనం వేళ దాటిపోయింది. అద్దం గదిలో మేనేజరమ్మ ఫోన్ పట్టుకొని నిలబడి ఉంది, తెరిచిన టిఫిన్ డబ్బాలో పెరుగన్నం ఎండిపోతోంది. "ఎస్ సార్... మూసేస్తాను సార్... నా తప్పే సార్" అంటోంది. ఫోన్ పెట్టి, నీళ్ళ సీసా మూత తీయబోయింది. మూత చేతికి రాలేదు. ఆ చెయ్యి వణుకుతోంది! అది నా చెయ్యే, సహోదరులారా! నేను ఏ వణుకుతో పాలగ్లాసు పట్టుకున్నానో ఆ వణుకే అది! నేను గద్దె మీదనుంచి దించమని అడిగిన మనిషి నాలాగే భయపడి అన్నం కూడా తినలేని ఒక ఆడకూతురు. అక్కడ కుర్చీలో కూర్చొనే తల వంచుకొని, "ప్రభువా, నన్ను క్షమించు. ఈమెను మార్చవద్దు, ఈమె భయం తీసెయ్యి, నాదీ తీసెయ్యి" అన్నాను. అంతే, ఆ ప్రార్థన అంతకంటే పొడుగు లేదు.

లోపలికి వెళ్ళి, మూత తీసి ఇచ్చాను. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు, నోట్లోంచి వచ్చింది: "మేడం, మూసేముందు ఒక్కసారి వచ్చి మా పని చూడండి. ఎల్లుండి కారమడైలో ఒక బావికి వెడి పెడుతున్నారు. గోదాములో మిగిలిన మందు అదొక్కటే." ఆమె నీళ్ళు తాగి, కాగితాలు తీసుకొని నన్ను పంపేసింది.

కాని వచ్చింది! దేవునికే మహిమ! చేతిలో గొడుగు, కాళ్ళకు ఆఫీసు చెప్పులు, కరివేపాకు తోట గట్టు మీద తడబడుతూ వచ్చింది. ఆ బావి నారాయణసామి తాతది, మా అత్తమ్మకు దూరపు చుట్టం. బండ అడ్డుపడి పని సగంలో నిలిచిపోయింది, తోట ఎండుముఖం పట్టింది. ఆయన ఆమెను చూసి, "బ్యాంకువాళ్ళు మా తోటకు జప్తుకే వస్తారనుకొంటి, వేడుక చూసేదానికీ వస్తారా!" అన్నాడు. అందరం దూరంగా మోటారు గది వెనక్కి వెళ్ళి నిలబడ్డాం.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి ఉంది. వెడి ముట్టించే ముందు మా ఆయన అక్కడున్న ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తారు. పిలిచిన మనిషే "ఉండాను" అని పలకాలి. పక్కవాడు ఉన్నాడులే అని ఇంకొకరు పలికితే చెల్లదు, ఎంతసేపైనా ఆగుతారే గాని ముట్టించరు.

పనివాళ్ళందరినీ పిలిచారు, పలికారు. తాతను పిలిచారు, ఆయన చెవుడుకు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. "ఎస్తేరూ!" అన్నారు, "ఉన్నానండీ" అన్నాను. తరువాత, "కెజియా!" అన్నారు. పాప నా చంకలో ఉంది. వేలు నోట్లో పెట్టుకొని చూస్తోంది. "ఇక్కడే ఉందండీ, నా దగ్గరే ఉంది" అని అరిచాను. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు ఊరికే ఉండు. కెజియా! కణ్ణూ!" అని మళ్ళీ పిలిచారు. ఎండలో అందరూ నా బిడ్డ కోసం ఆగి ఉన్నారు. చివరికి పాప వేలు తీసి, "ఉన్నా నాన్నా!" అంది. అప్పుడు నా లోపల ఏదో ముడి వదిలింది. నా బిడ్డ బదులు నేను పలకలేను. నా భర్త బదులు పలకలేను. వాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడు వేరే ఉన్నాడు, వాళ్ళు పలికేవరకు ఓర్పుతో ఆగేవాడు ఉన్నాడు!

"మేడం, మీ పేరు?" అని మా ఆయన అడిగారు.

"మేనేజర్ అని పిలవండి, చాలు."

"అది చెల్లదు మేడం. పేరు కావాలి. లేకుంటే వెడి పెట్టేదానికి లేదు."

ఆమె గొడుగు చాటునుంచి, "మల్లిక" అంది.

"మల్లికా మేడం!"

"ఇరుక్కేన్" అంది తమిళంలో, ఉన్నానని. చిన్నపిల్ల బడిలో పలికినట్టు పలికింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి.

నేల లోపల ఎవరో తలుపు వేసినట్టు దబ్బుమని ఒక్క చప్పుడు వచ్చింది, కాళ్ళకింద సన్నగా అదిరింది, దుమ్ము లేచి వాలిపోయింది. ఆమె గొడుగు దించి, "ఇంతేనా? కొండ లేచిపోతుందన్నారే!" అంది. తాత బోసినోటితో నవ్విన నవ్వు తోటంతా వినిపించింది. మా ఆయన ఒక్కరే ముందుగా దిగి, పేలని మందు ఏదీ మిగల్లేదని చూసుకొన్నాకే మిగతావాళ్ళను రమ్మన్నారు. బండ చీలికలో తడి కనిపించింది, మేము తాత ఇంట్లో మజ్జిగ తాగి వచ్చేసరికి ఆ తడి సన్నని ధారై కారుతోంది!

తిరిగి వెళ్ళేముందు ఆమె, "ఎందుకు ఒక్కొక్కరినీ పిలుస్తారు? అందరూ ఉన్నారా అని ఒక్కసారి అడగకూడదా?" అంది. మా ఆయన, "అందరూ అంటే ఎవరూ పలకరు మేడం. పలికినా, లోపల చిక్కుకున్నవాడు ఎవడో తెలియదు" అన్నారు. ఆమె గొడుగు ముడుచుకుంటూ, "మమ్మల్ని పైవాళ్ళు అందరినీ కలిపి అడుగుతున్నారు. నేనూ మిమ్మల్ని అందరితో కలిపే మూసేయబోయాను" అంది.

ఆమె పై ఆఫీసుకు తన పేరు పెట్టి రాసింది. ఈ పని నేను కళ్ళారా చూశాను, ఈ ఖాతాను విడిగా చూడండి, గంపగుత్తగా మూయవద్దు అని. ఆ జవాబు కోసం ఎదురుచూసిన రోజులు సులువైనవి కావు. కాని ఫోన్ మోగినప్పుడు పాలు ఒలకలేదు. నెలాఖరు వచ్చింది, ఖాతా మూయలేదు! మునుపటికంటే ఎక్కువ కాగితాలు అడుగుతున్నారు, ఏటేటా వచ్చి చూస్తామన్నారు, చూడనివ్వండి! మల్లిక మేడం ఇప్పుడు అప్పుడప్పుడు ఫోన్ చేసి, నా కోసం ప్రార్థించు అంటుంది. అత్తమ్మ మాత్రం, "ఎవరి సామి ముందు విన్నాడో నేను అడగను, నువ్వూ అడగొద్దు" అంటుంది. నేను అడగను, ఆమె పక్కన కూర్చొని కృతజ్ఞతగా కరివేపాకు దూస్తాను.

తల్లులారా, అందరి బదులూ భయపడుతూ అలసిపోయిన నా అక్కచెల్లెళ్ళారా, ఆ కాపలా మనది కాదు. మనం ఎంత ఆలస్యం చేసినా ఆగి, మళ్ళీ పేరు పెట్టి పిలిచే దేవుడు మనకు ఉన్నాడు. మీ బదులు నేను పలకలేను, పలకగలిగితే ఈపాటికే పలికేదాన్ని. ఈ రోజు ఆయన మీ పేరు పిలిచినప్పుడు, గొంతు వణికినా సరే, "ఉన్నాను ప్రభువా" అనండి.