నానబెట్టిన మొక్క

లాండ్రీలో పెద్దాచిన్నా అందరికీ ఆమె ఛీఛీ పిన్ని. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, వెనకాల అననివాళ్ళూ లేరు. పాపం, ఆమె పనే అలాంటిది. వచ్చిన ప్రతి బట్టనీ ముక్కు దగ్గర పెట్టుకుని మరకేదో తేల్చాలి. ఇది నూనె, ఇది నెత్తురు, ఇది పసిపిల్ల కక్కు, ఇదేమో పైకి చెప్పుకోకూడనిది. "ఛీ! కోటు చూస్తే దొరబాబు, చంకలు చూస్తే చచ్చిన ఎలుక!" అంటూ తొట్టిలో పడేసేది. మరక ఏదైనా ఆమె వైద్యం ఒకటే. "ముందు నానబెట్టండర్రా, తర్వాత చూద్దాం!"

రోజంతా ఊరి మురికి వాసన చూసి వచ్చే మనిషి కదా, ఇల్లు మాత్రం అద్దంలా ఉంచుకునేది. మొగుడు గోళ్ళు తీసుకోవాలన్నా బయట మెట్ల మీద కూర్చోవాల్సిందే. అలాంటి ఇంట్లోకి, మోకాలి ఆపరేషనుకి వెళ్తూ వెళ్తూ, అక్క ఒక మట్టికుండీ తెచ్చిపెట్టింది. పాముమొక్క. నిటారుగా లేచిన ఆకులు, ఆకాకుకీ పసుపు అంచు. బావ బస్సు నడిపినన్నాళ్ళూ అది ఆయన సీటు వెనకాలే తిరిగింది. ఆయన పోయాక అక్క పొద్దున్నే దానితోనే రెండు మాటలు మాట్లాడుకుంటుంది.

"ఛీ, మట్టి! పురుగులేమైనా ఉన్నాయేంటే ఇందులో?"

"ఏమీ లేవే తల్లీ. దీనికి చాకిరీయే ఉండదు. కాస్త చూస్తూ ఉండు, చాలు. ఆయన చేతిది నాకు మిగిలింది ఇదొక్కటే," అంది అక్క.

చూడటమంటే ఏమిటి? పిల్లల్ని చూడమంటే పాలు పట్టమని, ముసలాళ్ళని చూడమంటే మందులివ్వమని. మరి మొక్కని? ఆ చదువులో మన పిన్నికి ఓనమాలు కూడా రావు. తెలిసిన విద్య ఒకటే, అదే చేసింది. కుండీని స్నానాలగదిలో నీళ్ళ టబ్బులో నిలబెట్టింది. టబ్బు ఎండకుండా రోజూ నింపింది. ఆ శ్రద్ధలో సగం మొగుడి మీద పెట్టినా ఆయన కాస్త ఒళ్ళు చేసేవాడు.

మొదట నల్లటి చిన్న పురుగులు లేచాయి. టీ కప్పులో ఒకటి, దిండు మీద ఒకటి. "ఛీ ఛీ, నీ దుంప తెగ!" అని మొక్కని తిట్టింది. తర్వాత మట్టి మీద బూజు పట్టింది. ఆ తర్వాత మొదలైంది కంపు. మొగుణ్ణి అనుమానించింది. ఆయన సాక్సులు విప్పి చూపించి, కాళ్ళు కడుక్కుని, అయినా తిట్లు తిన్నాడు. చివరికి వాసన పట్టుకుని వెళ్ళి ఓ ఆకు ముట్టుకుంటే అది మొదలంటా ఊడి చేతిలోకి వచ్చింది. కింద చీమిడిలాంటి గోధుమరంగు జిగురు. 

"పారేయండి ఈ దరిద్రాన్ని!"

"పారేస్తా సరే, రేపు మీ అక్క వస్తే ఏం చెప్తావు?" అన్నాడు మొగుడు.

అప్పుడు పడింది ఆమె గుండెలో రాయి. చెప్పులేసుకుని వీధి చివర మొక్కలమ్మే అతని దగ్గరికి పరిగెత్తింది.

"ఆకు ముక్క కోసి నాటినా బతుకుతుందమ్మా, కానీ పసుపు అంచు రాదు, ఉత్త పచ్చగా వస్తుంది. అంచు కావాలంటే దుంప మిగలాలి. పట్టుకుని చూడు. గట్టిగా ఉంటే సరే, మెత్తబడిందా, ఇక నీళ్ళొదులుకోవడమే."

"నీళ్ళొదిలే కదయ్యా ఇంతదాకా తెచ్చుకున్నాను!" అంది పిన్ని. దుంప తెగ అని తిట్టిన తిట్టు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

ఇంటికొచ్చి లాండ్రీ గ్లవ్స్ తొడుక్కుని బురదలో చెయ్యి పెట్టింది. రబ్బరులోంచి ఏది గట్టో ఏది మెత్తనో తెలిసి చావదే! ఛీ అని గ్లవ్స్ పీకేసి, కళ్ళు మూసుకుని, వట్టి చేతులు మోచేతులదాకా దించింది. ఒక దుంప పట్టుకోగానే చితికింది. ఇంకోటి చితికింది. వేళ్ళ సందుల్లోంచి ఆ జిగురు కారుతుంటే వాంతి గొంతుదాకా వచ్చింది, మింగింది. "బావా, ఒక్కటి, ఒక్కటి చాలు," అని గొణిగింది. అడుగున, కుండీ గోడకి అంటుకుని, బొటనవేలంత ముక్క దొరికింది. నొక్కితే లొంగలేదు. దానికో పిలక కూడా ఉంది.

మర్నాడు అక్క చేతికర్ర పట్టుకుని వచ్చింది. పెద్ద కుండీ, పొడి ఇసకమట్టి, నడుమ ఒంటరి పిలక.

"మిగతాదేదే?"

పిన్ని నీళ్ళు నమల్లేదు. "నానబెట్టానే. కుళ్ళిపోయింది."

"చూడమన్నాను గానీ నానబెట్టమన్నానా? చూడటమంటే కళ్ళతో చూడటమే! ఆయన బస్సెక్కగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు, అంతే." అక్క కర్ర మీద వాలి, అతికష్టంగా వంగి, పిలక అంచు చూసింది. వెంట్రుకంత పసుపు గీత ఉంది.

పిన్ని చేతులు వెనక దాచుకుంది. ఎన్ని సబ్బులు రుద్దినా గోళ్ళలోంచి ఆ కంపు పోలేదు. అక్క ఓ చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఛీ!" అంది అక్క.

అని, ఆ చేతిని వదలకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.