గొడుగు తాతయ్య చెప్పబోయిన మాట

2022లో రాజమండ్రిలోని ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో పిల్లల బొమ్మల సీరియల్‌కు సంభాషణలు రాసేవాణ్ణి. నాకు డిగ్రీ లేదు. శాఖా గ్రంథాలయంలో నాటకాలు, వ్యాకరణాలు, మాండలిక పదకోశాలు చదివి నేర్చుకున్నదే నా విద్య. ఆ సంగతి అడగనివాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి.

కథలో ఒక అక్కా తమ్ముడూ ఉంటారు. వాళ్ళ పక్కింట్లో ఓ వింత తాతయ్య కావాలన్నారు దర్శకురాలు మాధవి గారు. నేను వెతుక్కునే పనే లేకపోయింది. మా పక్కింటి సత్తిరాజు గారు మిట్టమధ్యాహ్నం చామంతి మొక్కలకు గొడుగు పట్టుకుని నిలబడతారు. పైగా అందరూ మాట చివర అనే ‘అండీ’ని ఆయన మాట మొదట్లోనే అంటారు. “అండీ... వర్షం వచ్చేలా ఉంది” అన్నట్టు. వ్యాకరణం చదివినవాణ్ణి కదా, పెద్ద విశేషం కనిపెట్టినట్టు మురిసిపోయి గొడుగు తాతయ్యను రాసేశాను.

మా పనిలో ముందు యానిమాటిక్ తయారవుతుంది. గీతబొమ్మలను వరసగా పేర్చి, తాత్కాలిక గొంతులతో నడిపి చూసే నమూనా అది. అందులో తాతయ్య “అండీ... రా...” అనగానే పిల్లలు అందుకుంటారు: “రాకెట్టా తాతయ్యా? రాజమండ్రా?” స్టూడియో అంతా పడీపడీ నవ్వింది. తాతయ్య అసలు ఏం చెప్పబోయాడో నేను రాయనే లేదు.

ఆ భాగం అందరి ఫోన్లలోకి వచ్చిన కొన్నాళ్ళకు, మా వీధిలో పాలు పోసే మంగమ్మ గారు నాకొక కాగితం ముక్క చూపించారు. ‘అర లీటరు చాలు’ అని ఉంది. సత్తిరాజు గారి చేతిరాత.

“ఏంటండీ ఇది?”

“మీ బొమ్మ వచ్చిన కాణ్ణించీ ఇదేనండి. ఆయన ‘అండీ’ అంటే చాలు, వీధిలో పిల్లలు ‘రాకెట్టా తాతయ్యా’ అని ఎగబడతన్నారు. పాపం, నోరిప్పటం మానేశారండి.”

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య కాఫీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

“అలా అనడం మీ సరదా అనుకున్నానండి,” అన్నాను.

ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టారు. “అండీ... స... సరదా కాదు. నాకు చిన్నప్పట్నించీ నత్తి. ఆ మాట నాకు గోదారి దాటించే పంటు లాంటిది. అదెక్కితేనే మిగతాది అవతలి రేవుకి చేరుద్ది.”

చదివిన పుస్తకాలన్నీ ఆ క్షణాన బరువైపోయాయి. “తాతయ్య పాత్రనే తీయించేస్తానండి,” అన్నాను.

“అండీ... తీ... తీసెయ్యకండి. గొడుగు బాగుంది.” కాస్త నవ్వారు. “పిల్లల్ని ఆగమనండి. నా మాట నన్ను చెప్పనివ్వమనండి.”

మర్నాడు మాధవి గారిని తాతయ్య మాట మధ్యలో రెండు సెకన్ల ఖాళీ అడిగాను.

“రెండు సెకన్లా! పిల్లలు ఫోన్లో వీడియోని వేలితో పక్కకి తోసేస్తారండి బాబూ,” అన్నారు.

“ఖాళీ ఉండదండి. అక్క ముఖం చూపిద్దాం. తాతయ్య ఏమంటాడా అని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంటుంది.”

ఆవిడ ఒప్పుకున్నారు. కొత్త భాగంలో తాతయ్య “అండీ... రా...” అన్నాడు. తమ్ముడు నోరు తెరవబోతే అక్క చేయి అడ్డం పెట్టింది. “...రామచిలుక!” అన్నాడు తాతయ్య. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తే, గొడుగు మీద పచ్చగా అదే.

కొన్ని వారాల తర్వాత ఓ ఉదయం మంగమ్మ గారు నాకు పాలు పోస్తుండగా సత్తిరాజు గారు మా గేటు దగ్గరికి వచ్చారు. చేతిలో కాగితం లేదు. “అండీ... అ... అ...” వీధి పిల్లలిద్దరు సైకిళ్ళు ఆపి నిలబడ్డారు. మంగమ్మ గారి చేతిలో కొలత గిన్నె గాల్లోనే ఆగింది. అలవాటుకొద్దీ నేను మనసులో సెకన్లు లెక్కపెట్టుకున్నాను. ఐదు దాటింది.

“...అర లీటరు.”

సంభాషణ రాయడమంటే పలికే మాటలు రాయడమే అనుకునేవాణ్ణి. ఎదుటి పాత్ర ఎంతసేపు ఆగాలో కూడా రాయాలని ఆ గేటు దగ్గర తెలిసింది. ఇంట్లోకి వెళ్ళి, తర్వాతి భాగం స్క్రిప్టులో తాతయ్య మాట పక్కన ఉన్న ‘రెండు సెకన్లు’ కొట్టేసి, ‘ఆయన చెప్పేదాకా’ అని రాశాను.