మేక మేసిన అంటు

తియ్యటి బేనీషా మామిడి అంటు అని చెప్పి పుల్లమామిడి మొక్క అంటగట్టానని పుంగనూరు రైతొకడు నన్ను సంతలో దొంగను చేశాడు. నేనిచ్చింది బేనీషానే. దాన్ని అతని మేక మేసింది. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

అది యుద్ధకాలం. మదనపల్లెలో పండ్లమ్మే సాయిబు తోటలో ఒక బేనీషా చెట్టుండేది. నేను బడికి పోయినవాణ్ణి కాను. అంటుకట్టడం ఆ చెట్టు దగ్గరే, మొక్కలు చంపి చంపి నేర్చుకున్నాను. “ఈ కత్తి గడ్డానికి కూడా పనికిరాదు కదప్పా, చెట్టునెందుకు హింస పెడతాండావు?” అని సాయిబు ఎగతాళి చేసేవాడు. నిజమే, మొండికత్తి పనికిరాదు.

టెంక మొలిపించిన మొక్కను కుండలో పెట్టి, తల్లిచెట్టు కొమ్మకు అందేలా మంచె ఎక్కించాలి. రెండూ ఒకే లావుండాలి. రెండింటికీ ఒక పక్క చెక్కి, ఆ పచ్చి గాయాలు గాలి దూరకుండా ఆనించి, అరటినారతో బిగించి పేడమట్టి మెత్తాలి. మట్టి ఎండనివ్వకూడదు. అతుక్కున్నాక పైన టెంకమొక్క తల కోసి, కింద కొమ్మను తల్లి నుంచి విడదియ్యాలి. అదీ ఒక్కవేటున కాదు, గాటు పెట్టి కొన్నాళ్లాగి, మళ్లీ పెట్టి, బిడ్డకు పాలు మాన్పించినట్టు. ఆ తర్వాత అతుకు కింద ఏ చిగురు లేచినా గిల్లెయ్యాలి. అది టెంకమొక్కది, వదిలితే పైదాన్ని ఎండగడుతుంది.

అలాంటి అంటును, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో ఒళ్లో పెట్టుకుని పుంగనూరు తెచ్చి, ఆ రైతు బావి దగ్గర నేనే నాటాను. చుట్టూ ముళ్లకంప వేయించాను. కింది చిగురు గిల్లమని వేలు పెట్టి చూపించాను.

“సేద్యం మాకే నేర్పిస్తాండావా?” అని నవ్వాడు.

కొన్నేళ్లకు కుప్పంలో ఒకాయన తన మంచి చెట్టుకు అంట్లు కట్టించి తోట వెయ్యాలని నన్ను పిలిచాడు. ఆ పని దొరికితే కూలికి పోకుండా అంట్లతోనే బతకొచ్చు. నేను పోయేసరికి మంచెలకు వెదుళ్లు కూడా కొట్టించి ఉన్నాయి. ఆయన మాత్రం గడప దిగలేదు.

“నీ బేనీషా ఎంత పులుపో పుంగనూరు సంతలో ఇనొచ్చినానప్పా. మాకొద్దు, పో.”

అటునుంచి అటే పుంగనూరు పోయాను. ఆ చెట్టు మొదట్లో మట్టి గోకితే అతుకు కనిపించింది. దాని మీద ఎండిన మోడు, దాని కింద నుంచి లేచిన లావుపాటి కాండం.

“సూడన్నా, నేను కట్టింది ఈ మోడు. నువ్వు నీళ్లు పోసి సాకింది టెంకమొక్కని. దీని తల ఏమైంది?”

ఇంటి వసారాలోంచి అతని తల్లి అందుకుంది. “మేక మేసింది కదరా! కంప నువ్వే కదా పొయ్యిలోకి లాగింది.”

“నువ్వు గమ్మునుండుమా!”

నాకు ఒళ్లు మండింది. “నీ మేకకు పడాల్సిన పేరు నాకు పెడితివి. నన్ను దొంగన్న నోటితోనే కుప్పం వచ్చి నిజం చెప్పు, పద” అన్నాను.

అతను చెట్టుకేసి చూసి, ఒక కాయ తెంపి సొన తుడిచి నా చేతిలో పెట్టాడు.

“యాలప్పా అంత కోపం? ఊరగాయకి దీన్ని మించిన కాయ ఈ సుట్టుపక్కల యాడా లేదు. కుప్పం దాకా ఎవరు పోతారు గానీ, ఒక గంపెడు కోసకపో.”