దేవమణి చేబదులు మందులు

జగ్గయ్యపేట నుంచి గండ్రవాగుపాడు పన్నెండు కిలోమీటర్లని రోడ్డు పక్క బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డు రాసినవాడు ఎండాకాలంలో వచ్చి ఉంటాడు. వానాకాలంలో మధ్యలో ఉన్న వాగు చప్టా మీదుగా పొంగిందంటే ఆ పన్నెండు కిలోమీటర్లకు ఒక పూటయినా పట్టొచ్చు, రెండు రోజులైనా పట్టొచ్చు. ఊరికి రెండోవైపు ఏ అడ్డూ లేదు, చక్కటి తారురోడ్డు. కాకపోతే అటు నాలుగు కిలోమీటర్లు పోతే తెలంగాణ వచ్చేస్తుంది. ప్రభుత్వ కాగితాలకు అక్కడితో ప్రపంచం అయిపోతుంది.

ఈ ఊరి ప్రభుత్వాసుపత్రిలో దేవమణి ఇరవై రెండేళ్లుగా ఫార్మసిస్టు. ఇన్నేళ్లలో ఆవిడ కిటికీ ముందు నిలబడినవాడు "మందు లేదు, బయట కొనుక్కో" అన్న మాట వినలేదు. పెద్ద గొప్పగా అనిపించదు గానీ, సర్కారీ ఆసుపత్రిలో లైను కట్టినవాళ్లకు దాని విలువ తెలుసు. పై నుంచి మందులు రావలసినప్పుడు వచ్చేవని కాదు. జ్వరాల సీజన్లో కుక్కకాటు మందూ, కుక్కల సీజన్లో జ్వరం గోలీలూ వచ్చేవి. మధ్యలో ఉన్న తేడాను దేవమణి చేబదుళ్లతో పూడ్చుకొచ్చేది.

ఇరుగమ్మ పొరుగమ్మ కాఫీపొడి బదులు తెచ్చుకున్నట్టే. నందిగామలో దశరథరామయ్య అనే ముసలి ఫార్మసిస్టు ఉన్నాడు. ఆయన దగ్గర షుగరు గోలీలు అయిపోతే ఈవిడ పంపేది, ఈవిడ దగ్గర ఓఆర్ఎస్ అయిపోతే ఆయన బస్సెక్కించేవాడు. వత్సవాయి వైపు ఒకరు, పెనుగంచిప్రోలు వైపు ఒకరు, ఇలా ఆరేడుగురు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. పొద్దున్నే ఫోను, పది గంటల బస్సు కండక్టరు చేతిలో అట్టపెట్టె, అంతే. ఆ పెట్టెను బస్టాండు దాకా మోసేది, వచ్చినదాన్ని అందుకునేది ఆసుపత్రి ఊడ్చే ఆరోగ్యమ్మ. ఇచ్చింది తిరిగి ఇవ్వనివాడు ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కడూ లేడు. ఒప్పందాలు రాసుకున్నవాళ్ల సంగతి అలా చెప్పగలమా?

అటు సరిహద్దు అవతల సతీష్‌బాబు అనే కుర్ర ఫార్మసిస్టు కూడా ఈ జట్టులోవాడే. అతని పెట్టెలు స్టీవెన్ నడిపే పాలవ్యానులో వచ్చేవి. ఆ వ్యాను రోజూ రెండు రాష్ట్రాల్లోనూ పాలు పోయించుకుంటుంది, పాలక్యాన్ల పక్కన ఐసు కూడా ఉంటుంది.

ఇవి కాక దేవమణికి ఒక రహస్యం ఉంది. బీరువా అడుగు అరలో, పాత గాజుగుడ్డల వెనక, పాముకాటు మందు పది సీసాలున్న డబ్బా. కంప్యూటరుకు ఆ డబ్బా సంగతి తెలియదు. తెలిస్తే నెలాఖరున "మీకు ఎక్కువగా ఉంది" అని ఎక్కడికో తరలిస్తారు. ఒకసారి అలా తరలించిన వారానికే పత్తి చేలో పాము కరిచిన ఒక మనిషిని నురగలు కక్కుతుంటే తెచ్చారు, జగ్గయ్యపేట పంపితే దారిలోనే పోయాడు. ఆ రోజు నుంచి ఆ డబ్బా ఆ గుడ్డల వెనకే ఉంది.

ఇలా ఉండగా ఔషధ వారధి వచ్చింది. ప్రభుత్వం, ఒక కంపెనీ వారి ధర్మనిధి, ఒక విదేశీ ఫౌండేషను, హైదరాబాదు సంస్థ ఒకటి, నాలుగూ చేతులు కలిపి మారుమూల ఆసుపత్రులకు మందుల సరఫరాను పటిష్ఠం చేస్తాయట. ముందు బ్యానరు వచ్చింది. తర్వాత కప్పులు, సంచులు, పెన్నులు వచ్చాయి. ఆ తర్వాత నీహారిక వచ్చింది.

నీహారిక మంచి పిల్ల. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే తర్వాత జరిగినదంతా ఆ పిల్ల నెత్తిన రుద్దాలనిపిస్తుంది. హైదరాబాదు సంస్థలో ఉద్యోగం, చేతిలో ట్యాబు, ఎండకు కందిపోయిన ముఖం. "మేడం, జిల్లా మొత్తంలో మూడేళ్లుగా ఒక్క మందూ అయిపోని సెంటరు మీదొక్కటే. ఎలా చేస్తున్నారండీ?" అని అడిగింది.

ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. మందు ఎందుకు లేదని అడిగేవాళ్లను దేవమణి చూసింది గానీ, ఎలా ఉందని అడిగినవాళ్లను చూడలేదు. ఆవిడ ఉబ్బిపోయింది. ఎవరమైనా ఉబ్బుతాం.

నందిగామ ఫంక్షన్ హాల్లో సదస్సు పెట్టారు. భోజనాల్లో రెండు స్వీట్లు. చర్చిలో స్త్రీల కూడికలో తప్ప దేవమణి మైకు పట్టినది కాదు, ఆ రోజు పట్టింది. దశరథరామయ్య షుగరు గోలీల దగ్గర మొదలుపెట్టి, పది గంటల బస్సు, ఆరోగ్యమ్మ, అన్నీ చెప్పింది. చప్పట్లు మోగుతుంటే ఊపులో గాజుగుడ్డల వెనక డబ్బా సంగతి కూడా చెప్పేసింది. దానికి అన్నిటికన్నా గట్టిగా కొట్టారు.

భోజనాలయ్యాక నీహారిక ట్యాబులో ఫారం నింపింది. భాగస్వాముల పేర్లు ఒక్కొక్కటే ఎక్కాయి. సతీష్‌బాబు దగ్గర ఆగింది. "ఇందులో పక్క రాష్ట్రం జిల్లాలు లేవు మేడం. ఎంత నొక్కినా రావట్లేదు. ఆయన్ని వదిలేద్దామా?"

"పాపం, వద్దులేమ్మా, ఎట్టాగోట్టా పెట్టు. ఎన్నిసార్లు ఆదుకున్నాడో."

"సాఫ్టువేరు ఒప్పుకోదండీ."

స్టీవెన్ పాలవ్యానుకూ అదే గతి పట్టింది. రవాణా అన్నచోట ప్రభుత్వ వాహనం, కొరియరు, డ్రోను అని మూడే ఉన్నాయి. డ్రోను ఉండి పాలవ్యాను లేనందుకు దేవమణికి నవ్వొచ్చింది గానీ, సతీష్‌బాబు పేరు పోయినందుకు మనసు చివుక్కుమంది. సాయంత్రం అతనికి ఫోను చేసి విషయం చెప్పింది.

"పర్లేదక్కా. లిస్టుల లేనోణ్ణి, ఇగ నన్నెందుకు అడుగుతవులే," అన్నాడతను నవ్వుతూనే. ఆ నవ్వులో ఎంత నవ్వుందో ఆవిడకు తెలియలేదు. అప్పటి నుంచి ఆవిడ ఫోను చెయ్యలేదు, అతనూ చెయ్యలేదు.

సదస్సు అయిన మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. చేబదులుకు వాళ్లు చాలా పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టారు. ఇకనుంచి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి ఏది కదిలినా ఆన్‌లైన్‌లో అడగాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే కదలాలి. నలభై ఎనిమిది గంటల్లో అయిపోతుందట. చేతిలో చెయ్యేసి ఇచ్చుకుంటే మెమో. దేవమణి పద్ధతిని ఇంత గౌరవించినవాళ్లు లేరు. ఊపిరాడకుండా గౌరవించారు.

ఆ వెంటే ఒక జీపు వచ్చి లెక్కలో లేని పది సీసాలూ పట్టుకుపోయింది. పోతూ పోతూ డబ్బా అందిస్తున్నట్టుగా దేవమణిని నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. నందిగామ నుంచి దశరథరామయ్య ఫోను చేశాడు. "అమ్మాయ్, నీ ఉపన్యాసంలో నా పేరు మూడుసార్లు చెప్పావు గదా. మూడింటికీ కలిపి ఒకటే మెమో ఇచ్చారులే. ఇంకో ఆర్నెల్లలో రిటైరవుతున్నా."

దేవమణికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరైనా తిట్టినా బాగుండేదనిపించింది.

కంప్యూటరుకు తెలిసిన నాలుగు పాముకాటు మందు సీసాలు సెప్టెంబరులో ఒక గొర్రెల కాపరికి వాడేశారు. దేవమణి ఆ పూటే ఆన్‌లైన్‌లో అడిగింది. అక్టోబరు వచ్చినా ఆ అడిగింది అక్కడే పచ్చరంగులో మెరుస్తూ కూర్చుంది.

అక్టోబరు మొదట్లో వాయుగుండం పట్టి మూడు రోజులు కుండపోతగా కురిసింది. నాలుగో రోజు ఎండ కాసింది. తడిసిన పత్తి పాడైపోతుందని ఊరంతా చేలమీద పడింది. సెలవు పెట్టి ఆరోగ్యమ్మ కూడా పత్తి తియ్యడానికి పోయింది. పదకొండు గంటలకు ఇద్దరు ఆడవాళ్లు ఆవిణ్ణి మోపెడ్ మీద మధ్యన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తెచ్చారు. గట్టు మీద రక్తపింజర కాటేసింది. కాలు అప్పటికే మోకాలి దాకా వాచింది.

డాక్టరు సుస్మిత రక్తం తీసి గాజు గొట్టంలో పోసి పెట్టింది. ఇరవై నిమిషాలైనా అది గడ్డకట్టలేదు, అంటే విషం రక్తానికి ఎక్కిందన్నమాట. "పది వయల్స్ కావాలి దేవమణిగారూ, వెంటనే," అంది.

దేవమణి బీరువా వైపు నడిచింది. లేదని తెలుసు, అయినా నడిచింది. ఏళ్ల అలవాటున గాజుగుడ్డల వెనక చెయ్యి పెట్టింది. గోడ తగిలింది.

అంబులెన్సు వాగుకు అవతల ఆగిపోయింది. చప్టా మీద నడుము లోతు నీళ్లు, ట్రాక్టరు ఒక్కటే ఎలాగో దాటుతోంది, అందులో మనిషిని వేసి దాటించడం ప్రమాదమన్నారు. దేవమణి అత్యవసరం అని నొక్కి ఆన్‌లైన్‌లో అడిగింది. మీ అభ్యర్థన స్వీకరించబడినది అని వచ్చింది. దశరథరామయ్యకు ఫోను చేసింది.

"నా దగ్గరున్నాయమ్మా, పన్నెండున్నాయి," అన్నాడాయన. "పైనుంచి ఒక్క మాట అనిపించు తల్లీ, పరిగెత్తుకుంటూ తెచ్చి వాగు ఒడ్డున పెడతా. రెండో మెమో వస్తే పెన్షను ఆపేస్తారు."

ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేకపోయింది. పైవాళ్లకు చేస్తే ఒకరు మీటింగులో ఉన్నారు, ఇంకొకరు ఆ మీటింగుకు పోతూ దారిలో ఉన్నారు.

అంతలో బయట కేకలు. వాగు దాటొచ్చిన ట్రాక్టరు ఆసుపత్రి ముందు ఆగింది. అవతల ఒడ్డున ఔషధ వారధి జీపు నిలబడి ఉంటే, దాన్లోవాళ్లు దేవమణిగారికివ్వమని ఇచ్చారంటూ ట్రాక్టరు డ్రైవరు ఒక అట్టపెట్టె దించాడు. పెట్టె మీద ఆ నలుగురు భాగస్వాముల గుర్తులూ ఉన్నాయి. "వచ్చేసింది, మందు వచ్చేసింది," అని మోపెడ్ ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. దేవమణి కత్తెర కోసం కూడా ఆగకుండా గోళ్లతో చింపింది.

లోపల షీల్డు ఉంది. చెక్క మీద ఇత్తడి రేకు, రేకు మీద ఉత్తమ సరఫరా భాగస్వామి, దేవమణి అని అందంగా చెక్కారు. పేరులో అక్షరం తప్పు కూడా లేదు.

మంచం మీంచి ఆరోగ్యమ్మ కళ్లు సగం తెరిచి చూసింది. చిగుళ్ల దగ్గర రక్తం జీరలా కనిపిస్తోంది. "ఏంటక్కా అది, గోడ గడియారమా?" అంది.

ఆ మాటకు దేవమణికి ఎక్కడో పుండు తెగింది. ఆ షీల్డుకు తను ఇచ్చిన ఖరీదు ఆ మంచం మీద ఉంది. మైకు ముందు రెండు నిమిషాల చప్పట్లకు ఆరోగ్యమ్మ ప్రాణాన్ని డబ్బాతో సహా అప్పజెప్పింది తనే. సిగ్గు పక్కనబెట్టి సతీష్‌బాబుకు ఫోను కొట్టింది.

"తమ్ముడూ, మన ఆరోగ్యమ్మకు పాము కరిచింది. పది కావాలి. నేను నీ పేరు…"

"ఎంతసేపైంది కరిచి?"

"గంట దాటింది."

"గంటసంది ఏం చేస్తున్నవక్కా! ముందుగాల నాకు గదా చెయ్యాలె," అని కసిరాడు. అవతల బీరువా తలుపు చప్పుడు వినిపించింది. "స్టీవెనన్న ఈణ్ణే ఉన్నడు, పాలు పోయించుకుంటుండు. పంపుతున్న."

స్టీవెన్ ఆ నాలుగు కిలోమీటర్లూ ఎలా తోలాడో గానీ, ఆసుపత్రి వాకిట్లో బ్రేకు వేస్తే క్యాన్లలో పాలు తొణికి మెట్ల మీద పడ్డాయి. ఐసు పక్కన పెట్టిన సంచిలో పది సీసాలు. సుస్మిత సెలైనులో కలిపి ఎక్కించింది. సాయంత్రం నాలుగింటికి గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టింది. దేవమణి వరండాలోకి పోయి, పాలు పడిన మెట్ల మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడు వాగు తగ్గాక ఆరోగ్యమ్మను జగ్గయ్యపేట తీసుకెళ్లారు, వారానికి నడుచుకుంటూ వచ్చేసింది.

తర్వాత ఆన్‌లైన్‌లో అడిగినవి కూడా వచ్చాయి, ఇరవై సీసాలు. ఆరోగ్యమ్మకు వాడినవి అందులోంచే తీసినట్టు రాయగా, కాగితం మీద పది మిగిలాయి, బీరువాలో మాత్రం ఇరవై ఉన్నాయి. తీసుకున్నవి తిరిగి పంపిస్తానంటే సతీష్‌బాబు ఒప్పుకోలేదు. "నీ కాడనే ఉండనీ అక్కా. నాకు అక్కరొస్తే అడుగుత," అన్నాడు.

నెల తిరక్కుండానే నీహారిక పరుగున వచ్చింది. "మేడం, మీ స్టాకు సున్నా ఉన్న రోజున పది సీసాలు వాడినట్టు పడింది. సిస్టమ్ దాన్ని తప్పు అంటోంది. నేను మాత్రం ఇది గొప్ప విజయగాథ అంటున్నా. ఎవరిచ్చారో చెప్పండి, రాస్తా. ఇప్పుడు లిస్టులో పక్క రాష్ట్రం జిల్లాలు కూడా చేర్పించా, మీరు ఆ రోజు అంత బాధపడ్డారు కదా." పాపం, నిజంగానే సంతోషంగా చెప్పింది.

దేవమణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎవరూ ఇవ్వలేదమ్మా. పాత సీసాలేవో మూల పడుంటే దొరికాయి."

"పాలవ్యానులో వచ్చాయని ఎవరో అన్నారండీ."

"పాలవ్యానులో పాలొస్తాయమ్మా."

ట్యాబు మూసేసి, పోతూ పోతూ నీహారిక షీల్డు ఏదని అడిగింది. దేవమణి బీరువా తలుపు తీసి చూపించింది. అడుగు అరలో, గోడకు జానెడు ముందుకు, నిటారుగా నిలబెట్టి ఉంది. "ఇంత కిందనా? గోడకు తగిలించుకోండి మేడం," అంటూ ఆ పిల్ల వంగి చెయ్యి చాచింది.

చీపురు పట్టుకుని ఆరోగ్యమ్మ కుంటుకుంటూ అడ్డం వచ్చింది. "దాన్ని కదపబాకమ్మా. దాని వెనకాల బల్లులు కాపురం పెట్టినయ్," అంది.

నీహారిక నవ్వి, షీల్డును ఉన్నచోటే ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఫొటో ఔషధ వారధి పుస్తకంలో అట్ట మీద వేశారట.

ఆదివారం చర్చిలో దేవమణి తను ఆడిన అబద్ధానికి క్షమాపణ అడిగింది. షీల్డు వెనక ఉన్న డబ్బా మాట మాత్రం ఎత్తలేదు.