ముందు నీ ఏప్రన్ మీద

ఇస్త్రీ షాపులో ఆమెను కుంపటి అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంకేదో ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే తిరిగి చూడదు. బొగ్గుల పెట్టెల కాలం నుంచి పనిచేస్తోంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. కాదు, నోటివల్ల వచ్చింది. ఆమె పక్కన కాసేపు నిలబడ్డవాడెవడూ చలికి వణికిన పాపాన పోలేదు.

చేయి మాత్రం బంగారం. ఎంత ముడతలు పడ్డ గుడ్డయినా ఆమె బల్ల మీదికి వస్తే, అల్లరి పిల్ల తల్లిని చూసినట్టు తనంతట తానే సర్దుకునేది.

అలాంటి మనిషిని కాదని, పాత మేస్త్రమ్మ పని మానేశాక ఆ కుర్చీలో పిచ్చుకను కూర్చోబెట్టాడు ఓనరు. పిచ్చుక అంటే నిన్నగాక మొన్న చేరిన బక్కపలచని మనిషి. పిట్ట కొంచెం కూత ఘనం. కుంపటి ఊరుకుంటుందా? వెళ్లి నిలదీసింది.

"ఏమయ్యా, దానికి పెట్టె పట్టుకోవడం నేర్పిందెవరు?"

"నువ్వే. నీ చేతికి వంక పెట్టే మొనగాడు లేడమ్మా. ఎటొచ్చీ ఆ నోరే! మొన్న ఆ కోటాయన్ని ఏమన్నావు?"

"కోటు చేతికి మూతి తుడుచుకోవద్దన్నా. అబద్ధమా?"

"నిజమే. ఆయన మళ్లీ ఇటు రాలేదు. అదీ నిజమే."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత కట్టినవాళ్లకు కుచ్చిళ్లు ఇస్త్రీ చేయడం వచ్చో రాదో మరి.

ఆ రోజు నుంచి కుంపటి కడుపులో రాజుకుంది. ముందుగదిలో పిచ్చుక "రండి, కూర్చోండి" అని వచ్చినవాళ్లతో నవ్వుతుంటే, వెనకగదిలో ఆవిరి మధ్య ఈమెకు ఒళ్లంతా కారం పూసినట్టుండేది. పోనీ ఆ పిల్ల పొగరుగానైనా ఉందా? లేదు. "అక్కా, ఇది చూడవా," "అక్కా, ఇది సరేనా." తిడితే తిరిగి తిట్టొచ్చు. అక్కా అనేవాళ్లను ఏం చేసుకుంటాం?

ఒకరోజు పొద్దున నాటకాలావిడ ఒక కుచ్చిళ్ల పట్టు గౌను తెచ్చింది. వాళ్లమ్మ స్టేజీ ఎక్కినప్పటి గౌను. ఆ సాయంత్రం అదే వేసుకుని తానూ ఎక్కాలి.

"మా అమ్మవి ఇంకేం మిగల్లేదు. దీనికేమైనా అయితే మీ మొహాలు నాకు చూపించకండి," అంది.

"మా మేస్త్రమ్మ సొంత చేత్తో చేస్తుందండీ," అని ఓనరు పిచ్చుకను చూపించాడు. కుంపటి పక్కనే నిలబడి ఉంది. గోడకు కొట్టిన మేకును చూసినట్టయినా ఆమె వైపు చూడలేదు.

మధ్యాహ్నం అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. పిచ్చుక పెట్టె బల్ల మీద చల్లగా ఉంది. దానికి వేడి తిప్పే బిళ్ళ లాగితే ఊడొస్తుంది. కుంపటి ఊడదీసింది, పక్కకు తిప్పి మళ్లీ నొక్కింది. ఇక బిళ్ళ మీది గీత పట్టు దగ్గర ఉంటుంది, పెట్టె మాత్రం ముతక నూలుకి కాగినట్టు కాగుతుంది. రెప్పపాటు పని. గౌను కాలుతుంది, కుర్చీ ఊడుతుంది. చేతులు కడుక్కోకుండానే భోజనానికి ఇంటికెళ్లింది.

ఇల్లు పక్క వీధిలోనే. మొగుడు తాళాలు బాగుచేస్తాడు. కంచం ముందు పెట్టుకున్న ఆమె ముద్ద మింగకపోవడం చూశాడు.

"ఏమేవ్, ఇవాళ ఎవర్నీ తిట్టలేదా? ఆకలి చచ్చిందేం?"

"నీకేం తెలుసు! చూస్తుండు, ఆ పిచ్చుక ఏదో ఒకరోజు ఎవరి గుడ్డో తగలబెట్టకపోతే నన్నడుగు."

"తగలబెడితే నీ పేరే పోయేది. దానికి పని నేర్పిందెవరే? పిచ్చుకకు రాదని ఎవరంటారు, కుంపటికి నేర్పడం రాదంటారు."

మాట చురుక్కున తగిలింది. దాని వెనకే ఆ నాటకాలావిడ మొహం కళ్ల ముందుకొచ్చింది. అమ్మది ఇంకేం మిగల్లేదంది కదూ! పిచ్చుక మీద పగకి ఆ చచ్చిపోయిన తల్లి ఏం చేసింది? కుంపటి కంచం తోసేసి లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ వయసులో, ఆ ఒళ్లుతో, వీధిలో పరుగెత్తింది.

షాపు గుమ్మంలోనే కమురు వాసన కొట్టింది.

అయిపోయింది అనుకుంది. గోడ పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది.

గౌను కొక్కేనికి వేలాడుతోంది. ఎక్కడా మచ్చ లేదు. బల్ల దగ్గర పిచ్చుక, కట్టుకున్న ఏప్రన్ పైకెత్తి చూసుకుంటోంది. నడిమధ్యన గోధుమరంగులో పెట్టె అచ్చు.

"అక్కా, ఈ పెట్టెకి జ్వరమొచ్చినట్టుంది! ఒక్కసారి ఆనించానంతే."

ముందు నీ ఏప్రన్ మీద, తర్వాత ఊరి బట్ట మీద. చేరిన రోజే కుంపటి దానికి మొట్టి మరీ నేర్పిన పాఠం. తాను మాత్రం ఆ పని మానేసి ఏళ్లయింది, చేయి దగ్గరపెడితే వేడి తెలిసేంత గొప్పది కదా! అందుకే ఈ పిల్ల ఇంకా పాటిస్తుందన్న సంగతే మరిచిపోయింది.

గుండెల మీంచి బండ దిగినట్టయింది. వెళ్లి, బిళ్ళ ఊడదీసి, సరిగ్గా తిప్పి పెట్టింది.

పిచ్చుక చూసింది. "వెతక్కుండానే ఎలా తెలిసిందక్కా?"

"నేనే తిప్పానే. పో, పోయి ఓనరుకి చెప్పుకో."

పిచ్చుక మొహంలో నవ్వు పోయింది. కాసేపు కుంపటినీ గౌనునూ మార్చి మార్చి చూసింది.

"చెబితే నిన్ను పంపేస్తాడు. ఈ కుచ్చిళ్లు ఎవరు పెడతారు? నాకు రావు. పొద్దున్నుంచీ వణికి చస్తున్నా."

"మరి వచ్చని ఎందుకు తలాడించావే?"

"నేనెక్కడ ఆడించా? ఆయనే అన్నాడు. నిన్ను అడుగుదామంటే, నీ మొహం చూస్తే పెట్టె కన్నా వేడిగా ఉంది."

కుంపటికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చింది. "జరుగు," అని పెట్టె అందుకుని, ముందు తన ఏప్రన్ అంచుకు ఆనించింది. తర్వాతే పట్టును ముట్టుకుంది. పిచ్చుక గుడ్డ పట్టుకుంది, ఈమె కుచ్చిళ్లు పెట్టింది.

"నా ఏప్రన్ సంగతో?" అంది పిచ్చుక చివర్లో.

"కుట్టిస్తాలే. ఊరంతా వినేట్టు అరవకు."

సాయంత్రం నాటకాలావిడ గౌను గుండెలకు హత్తుకుని వెళ్లింది. కుంపటి ఇంటికొచ్చి, మూతపెట్టి ఉన్న చల్లారిన అన్నం ముందు కూర్చుని, మెతుకు మిగల్చకుండా తింది.

"ఏమైందే అంత పరుగెత్తావ్?" అన్నాడు మొగుడు.

"ఏం కాలేదు," అంది. ఏం కాలేదన్న మాట అంత రుచిగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. "నీ పాత తెల్ల పంచె ఇటు పడెయ్యి. ఏప్రన్ కుట్టాలి."